నేను కుర్చీలోనే ఉన్నాను

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. తనూ ప్రభుత్వోద్యోగే. ఇన్నాళ్లూ వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారట. ఇప్పుడు అందరూ రోజూ ఆఫీసుకి రావల్సిందేనని ఆర్డరు వచ్చిందట. వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. "నువ్వేటంటావత్తా? నువ్వు రమ్మనే అంటావులే. సర్వీసంతా ఒక్కరోజు లేటుగా వెళ్లని మనిషివి" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రేపు చెప్తానే అని ఫోన్ పెట్టేశాను. చెప్పాల్సింది ఫోన్లో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మేనకోడలితోపాటు, ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరిన మీరూ చదవండి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

నేను చేసిన ఆఫీసు పేరు చెప్పను. చెరువులూ కాలవలూ చూసే శాఖ, శ్రీకాకుళం వైపు ఒక ఆఫీసు, అంతవరకు చాలు. అందులో నేను సూపరింటెండెంట్‌ని. పేరు పెద్దదే గానీ, పైనుంచి దిగే కోపాన్ని కిందికీ, కిందనుంచి లేచే విసుగుని పైకీ చేరవేసే ఉద్యోగం. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. కరోనా రెండోసారి వచ్చి తగ్గి, మాస్కులు మాత్రం ఇంకా ముఖాల మీదే ఉన్న రోజులు.

నరసన్నపేటలో మా ఇల్లు. రోజూ బస్సులో వచ్చేదాన్ని. బస్సులు ఆగిపోయిన రోజుల్లో కూడా మా ఆయన స్కూటరు మీద దింపేవారు. ఆఫీసు తాళం తీసేసరికి నేను వరండాలో ఉండాలి. అదొక పంతం. నాతోపాటు ఆ రోజుల్లో ఒక్కరోజు కూడా మానకుండా వచ్చిన మనిషి మా అటెండరు. మొగుడు పోతే ఆ ఉద్యోగం తనకిచ్చారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆఫీసు. నోరు మంచిది కాదని అందరూ అనేవారు. నిజానికి ఆ నోరు అబద్ధం చెప్పదు, అదే దాంతో వచ్చిన చిక్కు.

ఇంకొకాయన సీనియర్ అసిస్టెంటు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. చెరువుల ఫైళ్లన్నీ ఆయనవే. గరివిడిలో మావగారింట్లో ఉండేవాడు. ఆయన భార్యకి అంతకు రెండేళ్ల ముందు కిడ్నీ మార్చారు. వాళ్లమ్మే ఇచ్చింది. మార్చిన కిడ్నీ నిలబడాలంటే ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని మందులతో అణిచిపెట్టి ఉంచాలట. ఆవిడకి జలుబు చేసినా ప్రమాదమే. డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి, పాత ఆఫీసరు గారు ఆయనకి ఇంటి నుంచి పని చేసుకోమని అనుమతి ఇచ్చారు. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కేశాయి కాబట్టి పని ఆగలేదు. ఆగకపోవడమే కాదు, ఆఫీసులో అందరికంటే ఆయన ఫైళ్లే ముందు కదిలేవి. రోజూ సాయంత్రం అయిదింటికి నాకు ఫోన్ చేసేవాడు. "మేడమ్, ఈ రోజు నా సీటుకి తపాలా ఏమైనా వచ్చిందా?" అని అడిగేవాడు. వచ్చిన కాగితాలు స్కాన్ చేసి పంపిస్తే రాత్రికల్లా నోటు రాసి పెట్టేవాడు.

అయినా ఆయనంటే నాకు లోపల ఒక మంట ఉండేది. దాచుకోవడమెందుకు. నేను అన్ని కిలోమీటర్లు బస్సులో మాస్కు తడిసిపోయేలా వస్తుంటే, ఈయన లుంగీ కట్టుకుని భార్య పక్కన కూర్చుని జీతం తీసుకుంటున్నాడనిపించేది. ఆవిడ జబ్బు సంగతి తెలిసీ అనిపించేది.

అంతలో కొత్త ఇంజనీరు గారు ఆఫీసరుగా బదిలీ మీద వచ్చారు. కుర్రాయన, చురుకు. వచ్చిన వారానికే హాల్లో మీటింగు పెట్టారు. అందరూ తిరిగి ఆఫీసుకి రావాలా, ఇప్పుడున్నట్టే సగం మంది వంతులవారీగా వస్తే చాలా అన్నది చర్చ. సీనియర్ అసిస్టెంటు ఫోన్లో, స్పీకరు మీద ఉన్నాడు.

"ప్రజలు పొలం పని మానుకుని ఇంత దూరం వస్తున్నారు. వస్తే కుర్చీ కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు" అన్నారు ఇంజనీరు గారు.

ఫోన్లోంచి నెమ్మదిగా జవాబు వచ్చింది. "సర్, నా దగ్గర ఆగిన ఫైలు ఒక్కటుంటే చూపించండి, రేపే వస్తాను."

అడక్కుండానే మా అటెండరు అందుకుంది. "ఫైలు ఆగలేదండీ. వచ్చినోళ్లకి 'సారు లేడు, సారు లేడు' అని సెప్పి సెప్పి నా నోరు పడిపోతన్నాది. తిట్లు తినీది నేను. సారు ఫైలుకి మాస్కెందుకు, నాకైతే రెండు మాస్కులు."

కొందరు నవ్వారు. ఫోన్లో నవ్వు వినిపించలేదు. ఇంజనీరు గారు నా వైపు తిరిగి "మేడమ్, మీరేమంటారు?" అన్నారు.

"ఆఫీసన్నది ఆఫీసులోనే జరగాలండీ. మనిషి ఎదురుగా ఉంటే ఏ కాగితమూ పోదు" అన్నాను.

అందరూ తలూపారు. ఆ మాట అన్నందుకు నాకు ఆ పూటంతా సంతోషంగా ఉంది.

అప్పటికి ఇంజనీరు గారు ఆయన అనుమతి రద్దు చెయ్యలేదు. ఎవరు రోజూ వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎందుకు రావడం లేదు, ఈ వివరాలన్నీ పట్టిక వేసి పైఆఫీసుకి పంపమన్నారు. ఆ పట్టిక నాలుగింటికల్లా వెళ్లాలి. ఆ రోజు తపాలా తీసుకునే అమ్మాయి వంతు కాదు. తన సీటు ఖాళీ.

మధ్యాహ్నం రెండు దాటాక అటెండరు ఒక రైతుని వెంటబెట్టుకుని నా టేబిలు దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, భుజం మీది తువ్వాలుని ముక్కుకి అడ్డంగా పట్టుకున్నాడు. చేతిలో అర్జీ. ఊళ్లోవాళ్లు పది పన్నెండు మంది సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి.

"అమ్మగోరూ, మదుము కాడ గట్టులోంచి నీరు ఊరతంది. ముందు సన్నగా ఉండీది. ఇప్పుడు సెంబుడు సెంబుడు వస్తన్నాది. మట్టి కూడా కలిసొస్తంది" అన్నాడు.

మదుమంటే చెరువులోంచి పొలాలకి నీళ్లు వదిలే తూము. గట్టులోంచి తేట నీరు ఊరితే కంగారు లేదు. మట్టి కలిసి వస్తోందంటే గట్టు లోపల గుల్లవుతోందని అర్థం. ఆ మాత్రం మా ఆఫీసులో అటెండరుకి కూడా తెలుసు. నాకు తెలీదా? తెలుసు. కానీ ఆయన చెప్తున్నంతసేపూ నా చూపు పట్టికలో ఏడో వరస మీద ఉంది. అక్కడ సీనియర్ అసిస్టెంటు పేరు. ఎదురుగా 'కారణం' అన్న గడిలో ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను.

"ఇచ్చి వెళ్లు బాబూ, పంపిస్తాంలే" అన్నాను.

"రసీదు ఏటైనా..."

"తపాలా అమ్మాయి లేదు. రేపు నెంబరు వేస్తుంది. నువ్వు వెళ్లు."

అర్జీని తీసుకుని ఆ పట్టిక కాగితాలున్న అట్టల ప్యాడ్‌లో పెట్టాను. పట్టిక పూర్తయ్యాక నకళ్లతో సహా ప్యాడ్‌ని కట్టేసి బీరువా మీద పడేశాను. సాయంత్రం అయిదింటికి ఫోను మోగింది.

"మేడమ్, ఈ రోజు తపాలా ఏమైనా...?"

"ఏం లేదు బాబూ" అన్నాను.

మూడు వారాలకి అల్పపీడనం పట్టింది. శుక్రవారం మొదలైన వాన ఆదివారం దాకా తెరిపివ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆ చెరువు గట్టుకి సరిగ్గా మదుము దగ్గరే గండి పడింది. వరి పొట్ట మీదున్న రోజులు. పొలాల మీదికి ఇసక మేటలు వేసింది. గట్టు కింద పేటలో రెండిళ్ల గోడలు కూలిపోయాయి. మనుషులు బడి మీదికి ఎక్కి బతికారు. ఒక ముసలామె గోడ కింద పడి తుంటి విరిగింది. కట్లు విప్పే వ్యవధి లేక ఎనిమిది పశువులు కొట్టుకుపోయాయి.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి వరండా నిండా జనం. అర్జీ ఇచ్చిన ఆ పెద్దాయన ముందున్నాడు. కాళ్లకి ఇంకా బురద. ఎవరో కుర్రాడి ఫోన్లో ఆ అర్జీ ఫొటో ఉంది. ఇవ్వడానికి బయల్దేరే ముందు తీసుకున్నారట. అది పట్టుకుని ఇంజనీరు గారి గదిలోకి వెళ్లిపోయారు.

"ఎవరికిచ్చావు?" అన్నారు ఇంజనీరు గారు.

"ఒక అమ్మగోరికండీ. మాస్కు ఎట్టుకున్నాది. ముకం నాకు తెలీదు."

నేను ఆ గదిలోనే, ఆయనకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. మాస్కు పెట్టుకునే ఉన్నాను. అప్పటికి నాకూ గుర్తు లేదు, ఒట్టు. ఇచ్చింది తపాలా అమ్మాయికేమో అనుకున్నాను. రిజిస్టరు తెప్పించారు. అందులో లేదు. కంప్యూటర్లో వెతికించారు. అక్కడా లేదు. ఇంతలో ఒక విలేకరి వచ్చి, ఆ చెరువు ఫైలు ఎవరి సీటుదని అడిగాడు. ఎవరో చెప్పేశారు. ఆయన ఏణ్ణర్థంగా ఇంటి దగ్గరే ఉంటున్నాడనీ చెప్పేశారు. ఇంక చూసుకోండి. మర్నాడు పేపర్లో గండి ఫొటో, దాని మీద 'గుమాస్తా ఇంట్లో, ఊరు నీట్లో' అని పెద్ద అక్షరాలు.

ఇంజనీరు గారు పేపరు దాకా ఆగలేదు. సోమవారం మధ్యాహ్నమే అనుమతి రద్దు చేసి, రేపటినుంచి ఆఫీసుకి రావాలనీ, అర్జీ మీద చర్య ఎందుకు తీసుకోలేదో సంజాయిషీ ఇవ్వాలనీ సీనియర్ అసిస్టెంటుకి మెమో ఇచ్చారు. ఆ మెమో చిత్తు రాసింది నేనే. శుక్రవారం ఎస్.ఈ. గారు, అంటే మా ఇంజనీరు గారి పై ఆఫీసరు, స్వయంగా విచారణకి వస్తారని కబురొచ్చింది.

"ఆఫీసులో మనిషుంటే ఇలా జరిగేదా మేడమ్?" అన్నారు ఇంజనీరు గారు.

"జరిగేది కాదండీ" అన్నాను.

ఆ సాయంత్రం, సీనియర్ అసిస్టెంటు హాజరు వివరాలు విచారణకి కావాలంటే బీరువా మీది ప్యాడ్ దించాను. తాడు విప్పి కాగితాలు తిప్పుతుంటే మూడో నకలు కింద వేలిముద్రలు కనిపించాయి.

 అర్జీని చదివాను. ఆ రోజు చదవని వాక్యాలన్నీ ఇప్పుడు చదివాను. 'వాన పడితే గట్టు నిలవదు, దయుంచి బేగి ఎవరినైనా పంపించండి' అని ఉంది. గదిలో ఎవరూ లేరు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. బస్సులో ఆ బ్యాగుని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. ఏడు నెలల్లో రిటైరవుతున్నాను, చార్జిషీటు పడితే అన్నీ ఆగిపోతాయి, ముప్పై నాలుగేళ్ల పేరు పోతుంది, చూసినవాళ్లు లేరు, రసీదు లేదు, ముఖం తెలీదన్నాడు. ఇవే ఆలోచనలు. పొయ్యిలో పడేస్తే అయిపోతుంది కదా అని కూడా అనుకున్నాను. పడెయ్యలేదు. పైకి తియ్యనూ లేదు.

మంగళవారం సీనియర్ అసిస్టెంటు వచ్చాడు. గరివిడి నుంచి రెండు బస్సులు మారి, ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు, ప్లాస్టిక్ ముఖతొడుగు, చేతికి తొడుగులు. హాల్లో కూర్చోనన్నాడు. వరండా చివర, వాన జల్లు పడే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్లే తాగాడు. అన్నం తినాలంటే మాస్కు తియ్యాలి గనక, తినడం మానేశాడు. లోపలివాళ్లు కిటికీలోంచి చూసి గుసగుసలాడుకున్నారు. వరండాలో జనం ఆయన్ని చూసి అనాల్సిన మాటలన్నీ అన్నారు. పశువులు పోయిన ఇంటి మనిషి ఒకామె ఎదురుగా నిలబడి ఏడుస్తూ తిట్టింది. ఆయన లేచి నిలబడి, తిట్టినంతసేపూ చేతులు కట్టుకుని విన్నాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడి అడిగాడు. "మేడమ్, నేను రోజూ ఫోన్ చేసి అడిగాను కదండీ. ఆ మాట ఒక్కటి సంజాయిషీలో రాయనా? మీరు సాక్ష్యం చెప్తారా?"

"రాయి బాబూ" అన్నాను. 

బుధవారం పొద్దున ఇంకా ఎవరూ రాకముందు అటెండరు కూజాలో నీళ్లు పోస్తూ, నా వైపు చూడకుండానే అంది. "అమ్మా, ఆ కాయితం దొరికినాదా?"

"ఏ కాగితం?"

కూజా మూత పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ ముసిలోడిని తెచ్చింది నేను. నీ సేతికి ఇచ్చినాడు. నేను సూసినాను."

నేను బ్యాగుని దగ్గరికి లాక్కున్నాను.

"నన్నేటీ ఎవులూ అడగలేదు. అటెండర్నెవులు అడుగుతారు? అడిగితే సెప్తాను. అడగకపోతే..." ఆగింది. "ఆ సారు ఇంట్లో కూకోడం నాకు ఇష్టం లేదమ్మా. నీకూ తెలుసు, మొకమ్మీదే అన్నాను. గానీ ఆయన సెయ్యని తప్పు ఆయన మీద ఏస్తే, అదీ నాకు ఇష్టం లేదు."

"నువ్వు చెప్పెయ్యొచ్చు కదే."

"నేను సెప్తే అది నీ మీద పితూరీ. నువ్వే సెప్పాల."

గది తుడవడానికి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో మామూలుగానే మాట్లాడింది, టీ కూడా తెచ్చిచ్చింది. అరిచి ఉంటే బాగుండుననిపించింది.

అప్పుడైనా చెప్పానా? లేదు. బుధవారమంతా గడిచింది. గురువారం ఇంజనీరు గారి గది గుమ్మం దాకా వెళ్లాను. లోపల ఆయన ఫోన్లో ఎవరితోనో, రేపటి విచారణ అవగానే ఇంటినుంచి పని చేసేవాళ్లందరి అనుమతులూ రద్దు చేయించేస్తానంటున్నారు. మన ఆఫీసే ఉదాహరణ అంటున్నారు. గుమ్మం దగ్గరినుంచే తిరిగి వచ్చేశాను. గురువారం సాయంత్రం వరండాలో సీనియర్ అసిస్టెంటు రెండుసార్లు తుమ్మాడు. వెంటనే జేబులోంచి శానిటైజరు సీసా తీసి చేతులు తుడుచుకున్నాడు. తొడుగుల మీదే తుడుచుకున్నాడు.

శుక్రవారం పదకొండింటికి ఎస్.ఈ. గారు వచ్చారు. హాల్లో పొడుగు టేబిలు వేశాం. కిటికీలన్నీ తీసి పెట్టాం. ఒక పక్క ఇంజనీరు గారు, ఇంకో పక్క నేను. గుమ్మం దగ్గర సీనియర్ అసిస్టెంటు. ఆ పెద్దాయనా ఇంకో ముగ్గురు రైతులూ గోడ వారగా బెంచీ మీద. తలుపు పక్కన అటెండరు.

ఎస్.ఈ. గారు సంజాయిషీ చదివారు. తలెత్తి, "రోజూ సాయంత్రం ఫోన్ చేసి తపాలా అడిగేవాడినని రాశావు. ఈ అర్జీ తేదీన కూడా చేశావా?" అన్నారు.

"చేశానండీ."

"ఏం చెప్పారు?"

సీనియర్ అసిస్టెంటు నా వైపు చూశాడు. ముఖతొడుగు మీద ఆవిరి పట్టి కళ్లు సరిగ్గా కనబడలేదు. "ఏం లేదని చెప్పారండీ. మేడమ్‌కి మాత్రం ఎలా తెలుస్తుందండీ, ఆవిడ దాకా వచ్చి ఉండదు" అన్నాడు.

నన్ను కాపాడుతున్నానని కూడా ఆయనకి తెలీదు.

నేను లేచాను. బ్యాగు జిప్పు పట్టేసింది. రెండుసార్లు లాగితే గానీ రాలేదు. కాగితం తీసి మడతలు విప్పి ఎస్.ఈ. గారి ముందు పెట్టాను.

"నా దగ్గరికే వచ్చిందండీ. నా చేతికే ఇచ్చారు. ఎవరెవరు ఆఫీసుకి రావడం లేదో ఆ పట్టిక వేస్తూ, ఆ కాగితాల్లో పెట్టి మర్చిపోయాను. సోమవారం సాయంత్రం దొరికింది. ఇన్నాళ్లూ చెప్పలేదు."

 ఇంజనీరు గారు అర్జీ వైపు చూసి, నన్ను చూసి, మళ్లీ అర్జీనే చూశారు. బెంచీ మీంచి ఆ పెద్దాయన లేచి రెండడుగులు ముందుకొచ్చాడు. నేను మాస్కు తీశాను. ఎందుకు తీశానో తెలీదు, తియ్యాలనిపించింది.

"మీరేనా అమ్మా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఆఫీసులో ఎవులూ లేక నా కాయితం పోనాదనుకున్నాను. పేపర్లో కూడా అలాగే ఏసినారు. మీరున్నారు. కుర్సీలోనే ఉన్నారు."

నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నో మాటలు పడ్డాను. అన్నీ మర్చిపోయాను. ఈ మాట మాత్రం పోలేదు.

విచారణ అరగంటలో ముగిసింది. సీనియర్ అసిస్టెంటుకి ఇచ్చిన మెమో ఉపసంహరించుకున్నారు. ఆయన ఇంటినుంచే పని చేసుకోవచ్చన్నారు. అందరి అనుమతులూ రద్దు చేసే మాట ఎస్.ఈ. గారు పక్కన పెట్టేశారు. కానీ తపాలా టేబిలు దగ్గర ఏ పూటా కుర్చీ ఖాళీగా ఉండకూడదనీ, వచ్చిన కాగితానికి అక్కడికక్కడే రసీదు ఇచ్చి, అక్కడికక్కడే ఫొటో తీసి ఆ సీటు మనిషికి పంపాలనీ రాయించారు. ఆ పని అటెండరుకి అప్పగిద్దామని నేనన్నాను. "జీతమేటీ పెరగదు కదా" అని గొణిగింది గానీ, తర్వాత ఆ రసీదు పుస్తకాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

నాకు చార్జిషీటు ఇచ్చారు. సర్వీసు రిజిస్టరులో మందలింపు నమోదైంది. దాంతోనే రిటైరయ్యాను. విచారణ రోజు బయటికి వస్తుంటే వరండాలో ఇంజనీరు గారు నన్ను ఆపారు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు మేడమ్" అన్నారు. మెచ్చుకున్నారో నిష్ఠూరమాడారో నాకిప్పటికీ తెలీదు. ఆయన వాదనకి అక్కరకొచ్చిన కేసుని నేను పాడుచేశాను మరి.

కథ ఇక్కడితో ఆగిపోతే నా మనసు కొంత తేలికపడేది. ఆ పై వారం శనివారం సీనియర్ అసిస్టెంటు భార్యకి జ్వరం వచ్చింది. సోమవారానికి ఆయాసం. విశాఖపట్నం తీసుకెళ్లారు. కరోనాయే అన్నారు. ఆయనకి పరీక్ష చేస్తే ఆయనకీ ఉంది, పైకి కనపడలేదంతే. బస్సులో అంటిందో, వరండాలో తిట్టినవాళ్ల దగ్గర అంటిందో, పాలవాడి దగ్గరో, ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. పద్దెనిమిది రోజులు ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ రోజూ సాయంత్రం అయిదింటికి నేనే ఆయనకి ఫోన్ చేసేదాన్ని. ఎత్తేవాడు. "అలాగే ఉందండీ" అనేవాడు. పెట్టేసేవాడు.

ఆవిడ బతికింది. కిడ్నీ నిలబడింది గానీ మునుపటంత బాగా పని చెయ్యడం లేదన్నారు.

రిటైరవడానికి ఒక నెల ముందు, మనసు ఆగక గరివిడి వెళ్లాను. ఫ్యాక్టరీ దాటాక ఎడమవైపు సందులో చిన్న ఇల్లు. ముందు సన్నటి వరండా, దానికి గ్రిల్లు తలుపు. ఆయన ఏదో మందుల కోసం బజారుకెళ్లాడట. ఆవిడ గుమ్మం లోపలే నిలబడి, వరండాలో సిమెంటు అరుగు చూపించి కూర్చోమంది. నీరసంగా ఉంది, కళ్లు మాత్రం సూటిగా ఉన్నాయి. నేను తెచ్చిన పళ్లు గ్రిల్లు పక్కన పెట్టి, ఏదేదో మాట్లాడాను. ఎండల గురించి, బస్సు గురించి. ఆవిడ విన్నంతసేపు విని అడిగింది.

"మీరే సెప్పీసినారట కదండీ, ఆ కాయితం సంగతి. ఆయన సెప్పినారు. సోమవారం దొరికితే శుక్రవారం సెప్పినారట."

"అవునమ్మా."

"మద్దిలో మూడు రోజులు ఏటాలోసించినారు?"

ఆఫీసులో సంజాయిషీ రాసేటప్పుడు ఈ ప్రశ్నకి ఒకటిన్నర పేజీ జవాబు రాశాను. ఇక్కడ అందులో ఒక్క వాక్యం కూడా పనికిరాలేదు.

"నా గురించే" అన్నాను.

ఆవిడకి కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. నెమ్మదిగా అంది.

"నేనూ అంతేనండీ. ఆ మూడు రోజులూ ఆయన ఆఫీసు నుంచి వస్తే ఇంట్లోకి రానియ్యలేదు. నాకు బతకాలని ఉన్నాది. మా యమ్మ కిడ్నీ ఇచ్చింది, అది ఊరికే పోకూడదని. లోపల్నుంచి గడియ ఏసుకుని శుక్రవారం దాకా తియ్యలేదు. ఒకటే వాన. దుప్పటీ కప్పుకుని ఆయన అక్కడే పడుకున్నారు, మీరు కూకున్న ఆ అరుగు మీదే. నన్నొక్క మాట అన్లేదు. మిమ్మల్నీ అన్లేదు."

నేను అరుగు మీంచి లేచాను. లేచి ఎక్కడ నిలబడాలో తెలియక, గ్రిల్లు తలుపు దగ్గరే అలా నిలబడిపోయాను.